వేడికి దారి

మా చిట్టమూరు 2022వ సంవత్సరము వరకు నెల్లూరు జిల్లాలోనిది. ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరినది. జిల్లా మారినను ఎండ మారలేదు. తూర్పున పులికాటు సరస్సును, దానికావల శ్రీహరికోట దీవియు, ఆపైని బంగాళాఖాతమును ఉన్నవి గాని, వేసవిలో పడమటిగాలి వీచినంతసేపు ఆ నీటి చలువ మాకు దక్కదు. సాయంకాలమున సముద్రపుగాలి తిరిగిన పిమ్మటనే ఊరు ఊపిరి పీల్చుకొనును. కావున మా పెద్దలు వేడిని సాగనంపు ఉపాయములు కొన్ని నేర్చియుండిరి. కుండకు తడిగుడ్డ చుట్టెడివారు. గుమ్మమునకు వట్టివేళ్ల తడికలు కట్టి నీరు చల్లెడివారు. ప్రొద్దు గ్రుంకిన పిదప మిద్దెను తడిపి, దానిమీద మంచము వేసికొనెడివారు.

నీటిసాయమున వేడిని వెడలగొట్టు విద్య నేడు కంప్యూటరులోనికి కూడ ప్రవేశించినది. 2024వ సంవత్సరము మే నెలలో నా పూర్వవిద్యార్థి యొకనికి తోడుగా కూర్చుండి, ఆ విద్యను నేను కన్నులార చూచితిని.

ఆ యువకుడు పులికాటులో వల వేసి జీవించిన కుటుంబములోనివాడు. మా బడిలో చదువుకొనునప్పుడు నల్లబల్లపై తూనీగ బొమ్మలు ఆరేడు ప్రక్కప్రక్కనే వేసి, వరుసగా చూచువారికి దాని రెక్కలు కదలినట్లు తోపజేసెడివాడు. పెద్దయైన పిమ్మట అదియే అతనికి వృత్తి యయ్యెను. పాఠశాలల పిల్లలకొరకు కదలుబొమ్మల పాఠములను కంప్యూటరుపై తయారుచేయును. కొంతకాలము చెన్నైలోని ఒక సంస్థలో పనిచేసి, తండ్రి మరణించిన పిమ్మట తల్లిని ఒంటరిగా విడువలేక ఊరికి వచ్చెను. ఇంటినుండియే పనిచేయుటకు సంస్థవారు సమ్మతించిరి గాని, ఒక నియమము పెట్టిరి. ప్రతి నెలాఖరునకు ఒక పాఠము పూర్తిచేసి పంపవలెను. పంపలేనిచో నగరమునకు తిరిగివచ్చి వారి కార్యాలయమునందే పనిచేయవలెను.

ఏప్రిలు వరకు పని చక్కగా సాగెను. మే నెల వచ్చుసరికి అతని యంత్రము మొరాయించుట మొదలిడెను. విడివిడి బొమ్మలను దృశ్యముగా కూర్చునప్పుడు కంప్యూటరు గంటల తరబడి ఎడతెగక లెక్కలు చేయవలెను. కొన్ని నిమిషములు గడచునో లేదో దాని వేగము తగ్గిపోయెడిది. ఒక్కొక్కనాడు తెర నల్లబడి, యంత్రము తనంత తానే ఆగిపోయెడిది. రాత్రియంతయు నడువవలసిన పని తెల్లవారునప్పటికి సగమైనను కాకుండెడిది.

“అయ్యవారూ, నేను మరల చెన్నై పోవలసివచ్చునేమో. అమ్మ ఈ ఊరు విడిచి రానన్నది,” అని అతడు ఒకనాడు మా అరుగుమీద కూర్చుండి పలికెను. యంత్రమునకు కలిగిన బాధ యేమియని నేనడుగగా అతడు విప్పి చెప్పెను.

కంప్యూటరునకు మెదడువంటిది ప్రాసెసరను చిన్న బిళ్ల. అందలి సిలికాను పలుకు బొటనవ్రేలి గోరంత వెడల్పైన ఉండదు. దానిలో కోట్లకొలది సూక్ష్మమైన విద్యుత్ ద్వారములు సెకనునకు 400 కోట్లసార్లకు పైగా కొట్టుకొను ఒక లయను అనుసరించి తెరచుకొనుచు, మూసికొనుచు నుండును. అది తీసికొను విద్యుత్తంతయు కడకు వేడిగా మారును. అతని ప్రాసెసరు నిండుపనిలో 125 వాట్ల విద్యుత్తు తీసికొనెడిది. పూర్వము మన ఇండ్లలో వెలిగిన 60 వాట్ల బల్బులు రెండింటి వేడిని ఒక గోటి వెడల్పునకు కుదించినట్లు ఊహింపుడు. ఆ వేడి 100 డిగ్రీల దరికి చేరగనే ప్రాసెసరు తన్ను తాను కాపాడుకొనుటకు వేగము తగ్గించుకొనును. అప్పటికిని వేడి దిగనిచో పని మానివేయును. కావున ఆ యంత్రము మొండికెత్తుట ఆత్మరక్షణకొరకే యని నాకు బోధపడెను.

ప్రాసెసరుమీద అప్పుడున్నది అల్యూమినియపు రేకుల దిమ్మ యొకటి, దానిపై చిన్న పంకా యొకటి. పంకా విసరునది పెట్టెలోని గాలినే. ఆ గాలియే వేడెక్కినప్పుడు విసరి ప్రయోజనమేమి? దానికి మారుగా ‘ఆల్ ఇన్ వన్ లిక్విడ్ కూలరు’ అను సాధనమును అమర్పవలెనని అతడు తలచెను. దాని వెల ఏడువేల రూపాయలకు పైమాట. తల్లి ఇంటికప్పు బాగుచేయించుటకై చీటీ కట్టి కూడబెట్టిన సొమ్ము ఇచ్చుటకు ఒప్పుకొనెను గాని, ఆమెను ఒక భయము పీడించుచుండెను.

“అయ్యవారూ, కరెంటు ఉన్నచోట నీళ్లు పెట్టవచ్చునా? ఒక్క చుక్క కారినను లక్ష రూపాయల యంత్రము పోవును కదా! మీరు దగ్గరనుండి చూచినగాని వీనిని ముట్టనీయను,” అని ఆమె నాతో పలికెను. తెలుగు పండితునకు నీటియంత్రముల సంగతి యేమి తెలియును? అయినను తల్లి మనసునకు ధైర్యము కావలసియుండెను. దానికొరకు నేను వెళ్లితిని.

పెట్టె విప్పి చూడగా ఆ సాధనమునందు మూడు ముఖ్యభాగములు కనబడినవి. మొదటిది ప్రాసెసరుపై కూర్చుండు చిన్న గుండ్రని డబ్బీ. దాని అడుగున రాగి ఫలకమును, లోపల నీటిని త్రోయు మోటారును ఉన్నవి. రెండవది కారు ముందుభాగమున నుండు దానివంటి రేడియేటరు. దానిలో సన్నని నీటికాలువలును, వానిమధ్య అల్యూమినియపు రేకులును ఉన్నవి. దానికి 120 మిల్లీమీటర్ల పంకాలు రెండు అమర్చవలెను. మూడవది ఈ రెండింటిని కలుపు రబ్బరు గొట్టముల జత. నీటిలో గడ్డకట్టనీయని గ్లైకాలును, లోహములను తినివేయనీయని మందులును కలిపి, తయారుచేసినచోటనే నింపి మూసివేయుదురు. మనము విప్పవలసినదియు లేదు, నింపవలసినదియు లేదు.

“మన కుండవలెనే చల్లబరచునా?” అని తల్లి అడిగెను. ఆ ప్రశ్న చక్కనిది. కుండ చెమర్చును, ఆ చెమట ఆవిరియగుచు కుండలోని వేడిని తీసికొనిపోవును. అందుచే కుండనీరు గదిలోని గాలికంటె చల్లనగును. అయితే దినదినమును కొంత నీరు తరుగును. ఈ సాధనములో నీరు ఆవిరి కాదు. రాగి ఫలకము ప్రాసెసరు వేడిని గ్రహించి నీటికి అప్పగించును. నీరు దానిని రేడియేటరు వరకు మోసికొనిపోవును. అచ్చట పంకాలు దానిని గాలిలోనికి త్రోసివేయును. దించి వచ్చిన నీరే మరల మోతకు పోవును. ఒకే పరిమాణముగల గాలికంటె నీరు మూడువేల రెట్లకు పైగా వేడిని మోయగలదు గనుక ఈ పల్లకికి నీరే తగిన బోయీ. కాని గదిలోని గాలికంటె ప్రాసెసరును చల్లగా చేయుట దీనికి ఎన్నటికిని సాధ్యము కాదు.

ఈ ఉపాయము క్రొత్తది కాదని కూడ ఆమెకు చెప్పితిమి. 1985లో వెలువడిన క్రే-2 అను అమెరికా మహాగణనయంత్రములో విద్యుత్ పలకలన్నింటిని ఫ్లోరినెర్ట్ అను ద్రవములోనే ముంచియుంచిరి. ఆ ద్రవము విద్యుత్తును ప్రసరింపనీయదు. అంతదూరము పోనేల? మా ఊరివారు మిద్దెలెక్కి చూచు శ్రీహరికోట రాకెట్లలోనే ఇట్టి యుక్తి కలదు. 2023 జులై 14వ తేదీన చంద్రయాన్-3ను మోసికొనిపోయిన రాకెట్టు పైయంతస్తులో క్రయోజెనిక్ యంత్రము కలదు. అందు మంట మండు గది గోడలలో సన్నని కాలువలుండును. సున్నకు 250 డిగ్రీలకు దిగువనుండు ద్రవహైడ్రోజను ఆ కాలువలగుండా పారి, గోడలు కరగిపోకుండ వేడిని గ్రహించి, పిమ్మట తానే ఇంధనమై మండును. “రాకెట్టే నమ్మిన ఉపాయమైనప్పుడు మనము నమ్మరాదా అమ్మా?” అని కుమారుడనెను. “రాకెట్టు వారు ముందు పరీక్ష చేయుదురు. మీరును చేయుడు,” అని తల్లి బదులు చెప్పెను. ఆ మాటకు మేమిద్దరము కట్టుబడితిమి.

పరీక్ష యనగా పోల్చుట. పోల్చుటకు ముందు స్థితి తెలిసియుండవలెను. కావున పాత సాధనము తీయకమునుపే ఒక రాత్రి తొమ్మిది గంటలకు కాగితము పట్టుకొని కూర్చుంటిమి. గోడనున్న ఉష్ణమాపకము గది వేడిని 34 డిగ్రీలని చూపెను. పని లేనప్పుడు ప్రాసెసరు వేడి 52. ఎడతెగక లెక్కలు చెప్పి దానిని శ్రమపెట్టు కార్యక్రమమును నడుపగా, నాలుగు నిమిషములలో వేడి 100కు చేరెను; వెంటనే వేగము పడిపోయెను. ఈ అంకెలన్నియు వ్రాసియుంచితిమి.

మరునాటి ఉదయము అమరిక మొదలయ్యెను. ముందు యంత్రమును ఐదు నిమిషములు నడిపి, పాత దిమ్మక్రింది లేపనము వేడికి మెత్తబడిన పిమ్మట ఆపి, తీగలన్నియు ఊడబెరికితిమి. మన దేహమున నిలిచియుండు స్థిరవిద్యుత్తు సున్నితమైన భాగములను చెరచును గనుక, ఇనుప పెట్టెను తాకి మరి పని కుపక్రమించెను. పాత దిమ్మను పైకి లాగక, అటునిటు మెల్లగా త్రిప్పి విడదీసెను. బలముగా లాగినచో దానితో ప్రాసెసరు కూడ ఊడివచ్చి దాని కాళ్లు వంగవచ్చునట. ఎండిన లేపనమును ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి, లోహము అద్దమువలె మెరయునట్లు చేసెను.

నాకప్పగించిన పని మరల కాపలా. పంకాలను రేడియేటరునకు బిగించుటకు పొడవు మరలును, రేడియేటరును పెట్టెకు బిగించుటకు పొట్టి మరలును ఇచ్చియుండిరి. పొట్టిది పెట్టవలసినచోట పొడవుది పెట్టి త్రిప్పినచో దాని మొన నీటికాలువను చీల్చును. తల్లి భయపడిన చుక్క అప్పుడే కారును. నేను రెండు గిన్నెలలో వానిని వేరుచేసి, అడిగినప్పుడు అడిగిన గిన్నెనుండి మాత్రమే అందించుచుంటిని. రేడియేటరును పెట్టె పైభాగమున, పంకాలు వేడిని పైకి ఊదునట్లు అమర్చెను. దీనికొక కారణము కలదు. మూసిన గొట్టములలో కూడ కొంచెము గాలి మిగిలియుండును. గాలి ఎత్తైన చోటికి చేరును. మోటారు అన్నింటికంటె ఎత్తుననున్నచో ఆ గాలి దానిలో చిక్కి, నీరు కదలక మోటారు చెడును. రేడియేటరు పైనున్నచో గాలి అచ్చటనే నిలిచి ఎవరికిని హాని చేయదు.

రాగి ఫలకముపై పలుచని ప్లాస్టిక్కు పొర అంటించియుండెను. దానిని ఒలువక బిగించినచో వేడి నీటివరకు సరిగా చేరదు. అతడు పొర ఒలిచి నాకు చూపి, బల్లమీద పెట్టెను. పిమ్మట ప్రాసెసరు నడుమ క్రొత్త లేపనమును చిన్న బఠాణీగింజంత ఉంచెను. రెండు లోహములు ఎంత నునుపుగా కనబడినను వాని నడుమ కంటికి కనబడని గుంటలుండును. ఆ గుంటలలోని గాలి వేడిని సాగనీయదు. లేపనము వానిని పూడ్చును. “దీనిని ఉష్ణలేపనమందము,” అని నేనంటిని. “పేస్టు అన్నగాని అంగడిలో ఇయ్యరు అయ్యవారూ,” అని అతడు నవ్వెను. మర లొక్కొక్కటే పూర్తిగా బిగింపక, ఎదురెదురు మూలలకు కొంచెము కొంచెముగా త్రిప్పెను. కారు చక్రము మరలు కూడ ఇట్లే బిగింతురు. ఒత్తిడి ఒకప్రక్కకే పడినచో ఫలకము ఒరిగి, రెండవ ప్రక్క ఖాళీ ఏర్పడును.

తీగలు తగిలించిన పిమ్మట గొట్టముల క్రింద తెల్లకాగితములు పరచి, మీట నొక్కెను. గొట్టములలో గలగలమను శబ్దము వినబడెను. తల్లి గుమ్మము దగ్గరనే నిలిచి, “కారుచున్నదా?” అని అడిగెను. చిక్కిన గాలి రేడియేటరులోనికి పోవునప్పటి శబ్దమది. రెండు నిమిషములలో అది అణగెను. కాగితములపై తడిచిహ్నము లేదు. అరగంట పిదప ఆమె స్వయముగా ఆ కాగితములను తీసి, చెంపకు ఆనించుకొని, పొడిగా నున్నవని తృప్తిపడి లోపలికి పోయెను.

ఆ రాత్రి తొమ్మిది గంటలకు పరీక్ష. గదియు అదే, వేళయు అదే, యంత్రమునకిచ్చిన పనియు అదే. గది వేడి కూడ అదృష్టవశమున 34 డిగ్రీలే యుండెను. పని లేనప్పుడు ప్రాసెసరు వేడి 41. పని మొదలైన ఐదు నిమిషములకు 68. పది నిమిషములకు 72. వేగము ఇసుమంతయు తగ్గలేదు. యువకుడు సంతోషముతో లేచి, “అమ్మా, గెలిచితిమి!” అని కేకవేసెను.

“కూర్చో అబ్బయ్యా, ఇంకను ఎక్కుచున్నది,” అని నేనంటిని. అంకె మెల్లగానైనను పైకే పోవుచుండెను. నీరు నిదానముగా వేడెక్కును. పొయ్యిమీది ఎసరు మొదటి నిమిషమున చల్లగానే యుండును. అంతమాత్రమున పొయ్యి ఆరినదని ఎవరును తలపరు. ఈ సాధనములోని నీరంతయు వేడెక్కి, ప్రాసెసరు ఇచ్చునంత వేడిని రేడియేటరు విడిచిపెట్టునట్టి సమస్థితికి వచ్చువరకు చూడవలెను. అంతకుముందే పరీక్ష ముగించినచో సాధనమునకు లేని గొప్ప అంటగట్టిన వారమగుదుము. ఇరువది నిమిషములకు 76, ముప్పది నిమిషములకు 78 వచ్చెను. ఆపైని గంటసేపు చూచినను 78 దాటలేదు. అప్పుడు ఆపితిమి.

అయినను ఇది రాత్రి. మధ్యాహ్నమెట్లుండును? మరునాడు రెండు గంటలకు గది వేడి 38 డిగ్రీలున్నప్పుడు మరల నడుపగా, వేడి 82 వద్ద నిలిచెను. రెండు కాగితములను ప్రక్కప్రక్కన పెట్టి చూచితిమి. 78 నుండి 34 తీసివేసినను, 82 నుండి 38 తీసివేసినను మిగులునది 44. గది ఎంత వేడెక్కునో ప్రాసెసరు అంతయే వేడెక్కుచున్నది. కావున ఈ సాధనముయొక్క సత్తువను తెలుపు అంకె 78యు కాదు, 82యు కాదు, 44. గది వేడి చెప్పక, నా యంత్రము ఇంత చల్లగానున్నదని పలుకుట, పడి చెప్పక పెసలు ఇన్ని కొలిచితిననుట వంటిది.

ఈ లెక్కనుండి వేరొక సంగతియు తేలెను. తలుపులు కిటికీలు మూసి నడుపగా గంటలో గదియే రెండు డిగ్రీలు వేడెక్కెను. దానితో ప్రాసెసరును రెండు డిగ్రీలు ఎక్కెను. నీరు వేడిని పెట్టెలోనుండి గదిలోనికి మాత్రమే తెచ్చినది. గదిలోనుండి వెలుపలికి దారి మనమే చూపవలెను. కిటికీ తెరచినచో వేడి పోవును గాని, మా తీరపు ఉప్పుగాలియు దుమ్మును లోనికి వచ్చి రేడియేటరు రేకుల నడుమ పేరుకొనును. ఆలోచించి అతడు ఒక ఏర్పాటు చేసికొనెను. పెద్దపనిని రాత్రికి మార్చి, సముద్రపుగాలి తిరిగిన పిమ్మట కిటికీ తెరచును. కిటికీకి సన్నని వల కట్టెను. నెలకొకసారి మెత్తని కుంచెతో రేకులు తుడుచును. వల కట్టుట వారి ఇంట ఎవరికిని నేర్పనక్కరలేదు.

నెలాఖరునకు రెండు దినములు ముందుగనే పాఠము పూర్తియయ్యెను. అది భూమి తిరుగుటచే రాత్రింబగళ్లు కలుగు విధమును తెలుపు పాఠము. ఎనిమిది నిమిషముల ఆ బొమ్మను అతని తల్లియు నేనును అందరికంటె ముందు చూచితిమి. జూన్ నెల జీతముతో ఇంటికప్పు పెంకులు మార్పించిరి. అతడు మా ఊరనే ఉన్నాడు.

మూసిన గొట్టములలోని నీరు కూడ రబ్బరుగుండా ఏండ్ల తరబడి కొంచెము కొంచెముగా తరుగును, మోటారును అరుగును. కావున ప్రతి నెల మొదటి తేదీన అతడు అదే పరీక్ష చేసి, గది వేడి, ప్రాసెసరు వేడి, వాని తేడా అను మూడు అంకెలను కాగితముపై వ్రాసి గోడకు అంటించును. తేడా 44 దాటి 46 అయిననాడు కుంచె పట్టును. తుడిచినను దిగక 50కి పోయిననాడు క్రొత్తదానికి సొమ్ము సమకూర్చుకొనవలెనని నిశ్చయించుకొన్నాడు. పిల్లలారా, మీరును ఏ యంత్రమునైన వాడునప్పుడు, అది బాగున్ననాటి అంకెలను తేదీతో కూడ వ్రాసియుంచుకొనుడు. చెడిననాడు ఎంత చెడినదో చెప్పగలిగినది ఆ కాగితమొక్కటే.